సరైన ప్రశ్న సగం సహాయం

అడగందే అమ్మయినా అన్నం పెట్టదంటారు పెద్దలు. ఈ సామెతను మనం ఎప్పుడూ సహాయం కోరేవారికే చెబుతూ వచ్చాం. సహాయం చేసేవారికీ అది వర్తిస్తుంది. ఎదుటివారి కష్టం ఎక్కడుందో అడిగి తెలుసుకోకుండా చేసిన సాయం చాలాసార్లు చేరవలసిన చోటికి చేరదు. అయితే అడగడానికీ ఒక పద్ధతి ఉంది. రోజూ తరగతి గదిలో ప్రశ్నలతోనే పని చేసే ఉపాధ్యాయులుగా మేము గమనించిన కొన్ని సంగతులను ఇక్కడ దాతల ముందుంచుతున్నాం.

ఫీజు కోసమో, మందుల కోసమో, చిన్న వ్యాపారం కోసమో వచ్చే మనిషి మన ఎదుట తలవంచుకుని నిలబడతాడు. మనం కుర్చీలో కూర్చుని ఉంటాం. ఈ తేడా వల్ల మనం మామూలుగా అడిగిన మాట కూడా అతనికి విచారణలా వినిపిస్తుంది. నిజం చెబితే సాయం ఆగిపోతుందేమోనని భయపడి, మనకు నచ్చే జవాబు చెబుతాడు. ఆ జవాబును నమ్మి డబ్బిస్తే డబ్బు ఖర్చవుతుంది, కష్టం మాత్రం అలాగే ఉంటుంది.

నోరు మూయించే ప్రశ్నలు

"చదువు మీద శ్రద్ధ పెట్టడం లేదు కదా?" ఇది ప్రశ్న కాదు, తీర్పు. "ట్యూషన్‌లో చేరితే బాగుంటుంది కదా?" ఇది ప్రశ్న వేషం వేసుకున్న సలహా. 'కదా' అని ముగిసే ప్రశ్నలో జవాబు ముందే ఉంటుంది. ఎదుటివారు తల ఊపడం తప్ప చేసేదేమీ ఉండదు. "బాగా చదువుతున్నావా?" అంటే "ఆఁ" అన్న ఒక్క ముక్కతో మాట ముగుస్తుంది. ఫీజు గడువు దాటిందా, మార్కుల జాబితా తెచ్చావా వంటి వివరాలకు అలాంటి ప్రశ్నలు చాలు. సమస్య లోతు తెలియాలంటే ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎలా, ఎంత అని అడగాలి.

'ఎందుకు' విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. "ఎందుకు ఫెయిలయ్యావు?" అంటే పిల్లవాడు కారణం వెతకడు, సాకు వెతుకుతాడు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇంటర్ మొదటి సంవత్సరం కుర్రవాడు చదువు మానేసి మెకానిక్ షెడ్డులో చేరతానంటాడు. మానవద్దని నచ్చజెప్పే బదులు ఇలా అడగవచ్చు.

"కాలేజీలో నీకు అన్నిటికంటే కష్టంగా గడిచే క్లాసు ఏది బేటా?"

"ఫిజిక్స్ సార్."

"ఎక్కడి వరకు అర్థమవుతుంది?"

"సార్ బోర్డు మీద లెక్క చేసేటప్పుడు అర్థమవుతుంది. ఇంటికొచ్చి పుస్తకం తీస్తే ఏమీ తెలియదు. టెన్త్ దాకా ఉర్దూ మీడియం సార్."

కష్టం ఫిజిక్స్‌లో లేదు, ఇంగ్లీషులో ఉంది. ఇంకొక్క ప్రశ్న చాలు: "ఇంతకుముందు ఇలాంటి ఇబ్బంది వస్తే ఎలా దాటావు?" తెలుగు చదవడం రానప్పుడు పక్కింటి అన్న దగ్గర రోజూ ఒక పేజీ చదివానని వాడే చెప్పవచ్చు. అప్పుడు కావలసింది ట్యూషన్ ఫీజు కాదు, సాయంత్రం ఒక గంట కూర్చోబెట్టి చదివించే డిగ్రీ విద్యార్థి.

ప్రశ్నలకు ఒక వరుస

బ్రిటన్‌కు చెందిన జాన్ విట్‌మోర్ 1992లో వెలువరించిన 'కోచింగ్ ఫర్ పెర్ఫార్మెన్స్' అనే పుస్తకం ద్వారా 'గ్రో' పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. లక్ష్యం, ఇప్పటి స్థితి, ఉన్న మార్గాలు, చేయదలచిన పని అన్నవి ఇందులోని నాలుగు మెట్లు. కుట్టుమిషన్ అందుకున్న ఒక సోదరి విషయంలో ఈ నాలుగూ ఎలా ఉంటాయో చూడండి.

"నెలకు ఎంత వస్తే ఎవరినీ అడగకుండా ఇల్లు గడుస్తుంది ఆపా?" ఇది లక్ష్యం. "పండుగ నెల వదిలేస్తే, మిగతా నెలల్లో ఎన్ని జతలు కుడుతున్నారు?" ఇది ఇప్పటి స్థితి. పండుగ ముందు రాత్రింబవళ్లు పని, తర్వాత రెండు నెలలు మిషన్ మీద గుడ్డ కప్పే ఉంటుందన్న నిజం ఇక్కడే బయటపడుతుంది. "మీ వీధిలో ఏడాది పొడవునా కుట్టించుకునేవాళ్లు ఎవరు?" అంటే స్కూలు యూనిఫారాలు, దిండు గలీబులు, నైటీలు గుర్తుకొస్తాయి. "ఈ వారం మొదట ఎవరిని కలుస్తారు? ఏ రోజు?" అన్నది చివరి మెట్టు. రోజు పేరు చెప్పించకపోతే మాట మాటగానే మిగిలిపోతుంది.

మనిషి మరీ కుంగిపోయి ఉంటే సంఖ్య సాయపడుతుంది. అమెరికాలో స్టీవ్ డి షేజర్, ఇన్సూ కిమ్ బర్గ్ దంపతులు రూపొందించిన కౌన్సెలింగ్ విధానంలో, పరిస్థితికి సున్నా నుంచి పది లోపు ఎంత వేస్తారని అడుగుతారు. "మూడు" అంటే, "అంత తక్కువా?" అనకూడదు. "సున్నా కాకుండా మూడు దాకా నిలబెట్టింది ఏది? నాలుగు కావాలంటే ముందుగా ఏం మారాలి?" అని అడగాలి. తన దగ్గర మిగిలి ఉన్న బలం ఏమిటో అప్పుడు ఆ మనిషికే కనబడుతుంది.

అడిగిన తర్వాత ఆగాలి

అమెరికన్ విద్యావేత్త మేరీ బడ్ రో తరగతి గదులను పరిశీలించి, ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని గుర్తించారు. మూడు సెకన్లు, అంతకు మించి ఆగినప్పుడు పిల్లల జవాబులు పెద్దవయ్యాయి, జవాబు రాని సందర్భాలు తగ్గాయి. కష్టంలో ఉన్నవారికి ఇంకా ఎక్కువ సమయం కావాలి. వారు మౌనంగా ఉన్నప్పుడు మనం ఇంకో ప్రశ్న వేయకూడదు. ఒకసారి ఒకే ప్రశ్న అడగాలి. నలుగురి ఎదుట అడగకూడదు. విన్నది బయట చెప్పకూడదు.

అన్ని సమస్యలూ ప్రశ్నలతో తీరవు. ఇంట్లో బియ్యం లేనివారికి ముందు బియ్యం ఇవ్వాలి, మాటలు తర్వాత. బతకాలని లేదన్న మాట నోటి నుంచి వస్తే వారిని ఒంటరిగా వదలకుండా వైద్యుని దగ్గరకు తీసుకెళ్లాలి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 నంబరులో తెలుగులోనూ, ఉర్దూలోనూ ఉచితంగా అందుతుంది.

దాతలకు మా విన్నపం ఒక్కటే. ఈసారి స్కాలర్‌షిప్ దరఖాస్తుతో ఒక విద్యార్థి వచ్చినప్పుడు, మార్కులు చూసే ముందు అతన్ని కూర్చోబెట్టండి. "ఈ సంవత్సరం నీకు ఎక్కడ కష్టమవుతోంది?" అని అడిగి, అతను చెప్పడం పూర్తయ్యేదాకా వినండి. చెక్కు మీద ఎంత రాయాలో, చెక్కుతో పాటు ఇంకేమి కావాలో ఆ తర్వాత నిర్ణయించవచ్చు.