రెండు రంగుల ఆకు - కొత్త రకం మొక్క ఎలా పుడుతుంది?

వార్షికోత్సవ సంచికకు సైన్సు వ్యాసం ఒకటి రాసి పంపమని సంపాదక మిత్రులు కోరారు. ఏ రాకెట్ గురించో, కంప్యూటర్ గురించో రాస్తే బాగుంటుందని వారి అభిప్రాయం. కానీ మేము పీజీలో చదువుతున్నది వృక్షశాస్త్రం. అందుచేత మన హాస్టల్ ప్రహరీ గోడ మీద పాకే కాగితపు పూల చెట్టునే ఎంచుకున్నాము. ఆ చెట్టు ముల్లు గుచ్చుకోని వారు మనలో ఉండరు కదా! ఇంగ్లీషులో దానిని బోగన్‌విల్లియా అంటారు.

ఇప్పుడు ఏ నర్సరీకి వెళ్లినా ఇదే మొక్కలో రెండు రంగుల ఆకులున్న రకాలు కనిపిస్తాయి. కొన్నింటికి ఆకు మధ్యలో పసుపు, అంచున ఆకుపచ్చ. మరికొన్నింటికి మధ్యలో ఆకుపచ్చ, అంచున తెలుపు. నర్సరీ వారు వీటిని వేరిగేటెడ్ రకాలు అంటారు. పూలు లేని నెలల్లో కూడా చూడముచ్చటగా ఉంటాయి కాబట్టి వీటికి గిరాకీ ఎక్కువ. ఇవి ఎక్కడి నుంచి వచ్చాయి? విత్తనం వేస్తే ఇలాంటివే మొలుస్తాయా? ఎవరైనా ల్యాబులో తయారు చేశారా, లేక వాటంతట అవే పుట్టాయా? ఈ ప్రశ్నలకు మేము చదువుకున్నంత మేరకు జవాబు చెబుతాము.

ముందుగా ఒక చిన్న సంగతి. మనం పువ్వు అనుకునే ఆ రంగు కాగితం నిజానికి పువ్వు కాదు. ఇంటర్ బోటనీలో పుచ్ఛం అని చదువుకున్నామే, అదే. అసలు పువ్వు ఆ మూడు పుచ్ఛాల మధ్యలో సన్నని గొట్టంలా ఉంటుంది. ఈ మొక్క పుట్టిల్లు దక్షిణ అమెరికా. 1767లో ఫ్రెంచి వారి ఓడ ఒకటి ప్రపంచయాత్ర చేస్తూ బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో ఆగినప్పుడు కొమ్మర్సన్ అనే వృక్షశాస్త్రవేత్త దృష్టికి ఇది వచ్చింది. యాత్ర నాయకుడు బోగన్‌విల్ పేరునే మొక్కకు పెట్టారు. కొమ్మర్సన్‌కు కాలిపుండు బాధ ఉండేది. ఆయన వెంట సామాన్లు మోస్తూ, కొండలెక్కి మొక్కలు సేకరించిన సహాయకుడి వేషంలో ఉన్నది జాన్ బారే అనే పేద రైతు కుటుంబపు స్త్రీ. ఓడలోకి ఆడవారిని రానివ్వరు కాబట్టి మగవేషం వేసింది. ప్రపంచం చుట్టి వచ్చిన మొదటి స్త్రీగా చరిత్రకు తెలిసినది ఆమే. ఆమె పేరు మీద ఒక మొక్కకు నామకరణం జరిగింది మాత్రం 2012లో! అది మన వంకాయ, టమాటాల జాతికి చెందినది.

ఇక ఆకు సంగతికి వద్దాము. ఆకు పచ్చగా ఉండటానికి కారణం కణాల్లోని హరితరేణువులు. ఏదైనా ఒక కణంలో ఉత్పరివర్తనం జరిగి పత్రహరితం తయారు కాకపోతే ఆ కణం నుంచి పుట్టిన కణాలన్నీ తెల్లగానో పసుపుగానో ఉంటాయి. తెల్లటి భాగం ఆహారం తయారు చేసుకోలేదు. పక్కనున్న పచ్చటి భాగం పెట్టే తిండి తిని బతుకుతుంది. కాబట్టి ఇలాంటి మొక్కలు మామూలు వాటికంటే నెమ్మదిగా పెరుగుతాయి.

దీనిమీద తొలినాటి పరిశోధనల్లో ఒకటి ఏ మొక్కపై జరిగిందో తెలిస్తే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. మన ఊళ్లలో సాయంత్రం పూట పూసే చంద్రకాంత! ఇది కాగితపు పూల చెట్టుకు చుట్టమే. రెండూ ఒకే కుటుంబం. 1909లో జర్మనీ శాస్త్రవేత్త కోరెన్స్ తెల్ల కొమ్మలు, పచ్చ కొమ్మలు, రెండు రంగుల కొమ్మలు కలిసి ఉన్న చంద్రకాంత మొక్కలను తీసుకొని సంకరం చేశాడు. పుప్పొడి ఏ కొమ్మదైనా సరే, తెల్ల కొమ్మ మీద కాసిన విత్తనం తెల్ల మొలకనే ఇచ్చింది. పచ్చ కొమ్మ విత్తనం పచ్చ మొలకనే ఇచ్చింది. రెండు రంగుల కొమ్మ నుంచి మాత్రం మూడు రకాలూ వచ్చాయి. అంటే ఆకు రంగు తల్లి నుంచే వస్తోంది, తండ్రికి అందులో పాత్ర లేదు. కారణం ఏమిటంటే ఈ మొక్కలో హరితరేణువులు అండకణం ద్వారానే తర్వాతి తరానికి చేరుతాయి. తెల్ల మొలకలు విత్తనంలోని నిల్వ ఆహారం అయిపోగానే చనిపోయాయి.

కాగితపు పూల చెట్టు వంటి పొదల్లో మరో విశేషం ఉంది. కొమ్మ చివర ఉండే విభాజ్య కణజాలంలో కణాలు ఉల్లిపొరల్లా ఒకదాని మీద ఒకటి మూడు పొరలుగా ఉంటాయి. పై పొర నుంచి బాహ్యచర్మం వస్తుంది. రెండో పొర నుంచి ఆకు అంచు, బాహ్యచర్మం కింది కణాలు వస్తాయి. మూడో పొర నుంచి ఆకు లోపలి మధ్యభాగం వస్తుంది. రెండో పొరకు పత్రహరితం లేకపోతే ఆకు అంచు తెల్లగా, మధ్య పచ్చగా ఉంటుంది. మూడో పొరకు లేకపోతే అంచు పచ్చగా, మధ్య పాలిపోయి ఉంటుంది. ఇలా రెండు రకాల కణజాలాలు ఒకే ఒంట్లో కాపురం చేసే మొక్కను కైమీరా అంటారు. గ్రీకు పురాణంలో సింహం తల, మేక ఒళ్లు, పాము తోక ఉన్న జంతువు పేరది. మనవాళ్లు పేరు పెట్టి ఉంటే నరసింహం అనేవారేమో!

ఈ మూడు పొరల లెక్క అర్థమైతే నర్సరీ పని సగం అర్థమైనట్లే. అండం, పుప్పొడి సాధారణంగా రెండో పొర నుంచి పుడతాయి. కాబట్టి తెల్ల అంచు మొక్క విత్తనం వేస్తే తెల్ల మొలకలు వచ్చి చస్తాయి. పచ్చ అంచు మొక్క విత్తనం వేస్తే అన్నీ మామూలు పచ్చ మొక్కలే వస్తాయి. ఎటు చూసినా రెండు రంగులు రావు. కొమ్మకున్న మొగ్గలో మాత్రం మూడు పొరలూ అదే వరుసలో ఉంటాయి. కాబట్టి కొమ్మ ముక్క నాటినా, గాలి అంటు కట్టినా, అంటు గట్టినా రంగు నిలుస్తుంది. దీనిని మీరే పరీక్షించవచ్చు. పసుపు అంచు ఉన్న స్నేక్ ప్లాంట్ ఆకును ముక్కలు చేసి ఇసుకలో గుచ్చండి. కొన్ని నెలలకు పిల్లలు వస్తాయి, కానీ వాటికి పసుపు అంచు ఉండదు. అదే మొక్కను మొదలు దగ్గర పిలకతో సహా విడదీసి నాటితే అంచు అలాగే ఉంటుంది. ఖర్చు లేని ప్రయోగం. సైన్స్ ఫెయిర్‌కు బాగా పనికివస్తుంది.

మరి కొత్త రకం ఎలా పుడుతుంది? చాలాసార్లు అది ఒక కొమ్మ మీద పుడుతుంది. చెట్టంతా ఒక తీరుగా ఉండగా ఒక్క మొగ్గ మారిపోయి వేరే రంగు కొమ్మ వేస్తుంది. దీనిని మొగ్గ మార్పు అనవచ్చు. కాగితపు పూల చరిత్ర అంతా ఇలాంటి మార్పుల వంశవృక్షమే. దాదాపు 1910 ప్రాంతంలో కొలంబియా దేశంలోని కార్తహేనా నుంచి శ్రీమతి బట్ అనే ఆమె ట్రినిడాడ్‌కు ఒక ఎర్రపూల మొక్క తెచ్చింది. దాని పేరే మిసెస్ బట్ అయింది. దానిమీద మన దేశంలోనే కోల్‌కతాలో ఒక కొమ్మ మారి, ఒకే గుత్తిలో తెలుపు, గులాబి ఎరుపు కలిసి పూసే మేరీ పామర్ వచ్చింది. ఆ మేరీ పామర్ మీద మరో కొమ్మ మారి ఆకు మధ్యలో పసుపు పడింది. ఆ రకం పేరు తిమ్మ. వింటే మన ఊరి మనిషి పేరులా లేదూ? ఇప్పుడు నర్సరీల్లో రెండు రంగుల ఆకు, రెండు రంగుల పూలు ఉన్న మొక్క కనిపిస్తే చాలావరకు అదే.

మార్పు దానంతట అది వచ్చేదాకా కాచుకోకుండా త్వరపెట్టే పద్ధతి కూడా ఉంది. కొమ్మ ముక్కలపై కోబాల్ట్-60 నుంచి వచ్చే గామా కిరణాలను తగు మోతాదులో పంపి నాటుతారు. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ ఈ విధంగా మహారా వేరిగేటా, లాస్ బానోస్ వేరిగేటా, పల్లవి, అర్జున వంటి రకాలను సాధించింది. మహారా, లాస్ బానోస్ బ్యూటీ ముద్దపూల రకాలు. వాటిలో అసలు పువ్వు ఉండవలసిన చోట కూడా పుచ్ఛాలే ఉంటాయి. విత్తనం పట్టదు, కాబట్టి సంకరం చేసే వీలు లేదు. అలాంటి చోట కిరణాలే దిక్కు. విత్తనం పట్టని మరికొన్ని మామూలు రకాల విషయంలో డాక్టర్ టి.ఎన్. ఖోషూ బృందం అదే సంస్థలో వేరే దారి పట్టింది. కాల్చిసిన్ అనే మందుతో 34 క్రోమోజోములను 68 చేసి, మళ్లీ విత్తనం పట్టేలా చేసి, సంకరం ద్వారా కొత్త రంగులు రాబట్టారు.

కిరణాలు పంపినంత మాత్రాన రకం తయారు కాదు. అసలు పని ఆ తర్వాతే. మార్పు సాధారణంగా ఒక కణంలో మొదలవుతుంది కాబట్టి ముందు ఆకుకు ఒక పక్కన చిన్న చార కనిపిస్తుందంతే. ఆ చార ఉన్న ఆకు మొదట్లో, అంటే గ్రీవంలో ఉన్న మొగ్గ మీదే ఆశ. దానికి పైనున్న కొమ్మను కత్తిరిస్తే ఆ మొగ్గ చిగురిస్తుంది. కొత్త కొమ్మలో ఆకులు పూర్తిగా పచ్చగా వస్తే మార్పు జారిపోయినట్లే. పూర్తిగా తెల్లగా వస్తే వేరు చేసి నాటినా బతకదు. రెండు రంగులు ఒక పద్ధతిలో, ప్రతి ఆకులో ఒకే తీరుగా వస్తే ఆ కొమ్మ నుంచి ముక్కలు తీసి నాటాలి. వాటి నుంచి మళ్లీ ముక్కలు, వాటి నుంచి మళ్లీ. ఇలా వరుసగా కొన్ని తరాలు రంగు చెదరకుండా ఉంటేనే రకం నిలిచిందని చెప్పవచ్చు. దీనికి సంవత్సరాలు పడుతుంది. చూసే కన్ను, ఓర్పు ఇందులో పెద్ద పెట్టుబడి.

కనిపించిన ప్రతి పసుపు చార కొత్త రకం అనుకుంటే పొరపాటు. బెండ తోటలో పల్లాకు తెగులు మీకు తెలుసు. అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. ఇనుము లోపిస్తే లేత ఆకులు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. తెగులు అయితే పక్క కొమ్మలకు, పక్క మొక్కలకు పాకుతుంది. లోపం అయితే ఎరువు వేయగానే కొత్త చిగురు పచ్చబడుతుంది. కైమీరా రెండూ చేయదు. ఆ కొమ్మ మీదే ఉంటుంది.

ఇక్కడ మా ఇంటి మాట ఒకటి చెప్పాలి. మా కుటుంబంలో డిగ్రీ మెట్టు ఎక్కినది మొదట మేమే. మా అమ్మ చాలా ఏళ్లు ఒక నర్సరీలో కూలికి వెళ్లింది. కొమ్మ మీద బెరడు ఉంగరంలా తీసి, తడి నాచు పెట్టి, పాలిథిన్ కాగితం చుట్టి పురికొసతో కట్టడం ఆమె పని. ఒకసారి నందివర్ధనం వరుసలో అంచు తెల్లబడిన కొమ్మ ఒకటి ఆమె కంటపడింది. తెగులు కాదని, ఆకులన్నీ ఒకే తీరుగా ఉన్నాయని ఆమే గుర్తించి యజమానికి చూపించింది. ఆ కొమ్మకు అంటు కట్టినది కూడా ఆమే. రెండేళ్లకు దాని పిల్లలు కుండీల్లో పెట్టి ఎక్కువ ధరకు అమ్మారు. అమ్మకు వచ్చినది ఆ రోజు కూలి. ఇప్పుడు మేము థియరీ పేపరులో మొగ్గ ఎంపిక అని రాసి మార్కులు తెచ్చుకుంటున్న పని అమ్మ చేసిన పనే అని ఎం.ఎస్సీ.కి వచ్చాక తెలిసింది.

దీనికి సంబంధించి మన దేశంలో ఒక చట్టం ఉంది. దాని పేరు మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం, 2001. దీని ప్రకారం విశ్వవిద్యాలయమే కాదు, రైతు గానీ, రైతుల సంఘం గానీ కొత్త రకాన్ని తమ పేర నమోదు చేయించుకోవచ్చు. రైతుల రకాలకు నమోదు రుసుము లేదు. రకం మిగతా వాటికంటే భిన్నంగా ఉండాలి, మొక్కలన్నీ ఒకే తీరుగా ఉండాలి, తరతరానికి మారకుండా ఉండాలి. పైన చెప్పిన కత్తిరింపులు, నాటడాలు అన్నీ ఈ పరీక్ష నెగ్గడానికే. ఇంకొక నియమం కూడా గుర్తుంచుకోవాలి. కొత్త రకం కింద నమోదు కావాలంటే మన దేశంలో అమ్మకం మొదలై ఏడాది దాటక ముందే దరఖాస్తు చేయాలి. కాగితపు పూల విషయంలో అయితే ప్రపంచంలో ఎక్కడ కొత్త రకం వచ్చినా దాని పేరు నమోదు చేసే అంతర్జాతీయ బాధ్యత ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థదే.

అయితే ఈ చట్టంలో రైతు అంటే స్వయంగానో, దగ్గరుండి చేయించో సాగు చేసేవారు, లేదా పాత రకాలను కాపాడి మెరుగుపరిచేవారు. ఒకరి నర్సరీలో కూలికి వెళ్లి కొమ్మను గుర్తించిన మనిషికి ఇందులో చోటెక్కడో మాకు కనిపించలేదు. తమ్ముళ్లలో ఎవరైనా లా చదివేవారుంటే ఈ సంగతి చూడాలని మా కోరిక. మనలో చాలామంది అమ్మానాన్నలు చేసే పని ఇదే కదా.

చివరగా, రెండు రంగుల మొక్క ఇంట్లో గానీ, హాస్టల్లో గానీ ఉన్నవారికి ఒక సూచన. అప్పుడప్పుడు అందులో పూర్తి పచ్చటి కొమ్మ ఒకటి వస్తుంది. బాగా ఏపుగా పెరుగుతోందని సంతోషించకండి. దానికి పత్రహరితం ఎక్కువ కాబట్టి బలం ఎక్కువ. వదిలేస్తే మొక్కంతా దానిదే అవుతుంది. కనిపించిన వెంటనే మొదలంటా కోసేయండి. కొమ్మ ముక్కలు నాటాలనుకుంటే వానలు పడ్డాక, జూన్, జూలై నెలల్లో పెన్సిలంత లావు ఉన్నవి చూసి, జానెడు పొడవున కోసి నీడలో పెట్టండి. ఈ రకాలకు వేరు పట్టడం ఆలస్యం, కాబట్టి పదిరోజులకే పీకి చూడవద్దు.