నూజివీడు జమీందారీ

నూజివీడు జమీందారీ ప్రస్తుత ఏలూరు జిల్లాలోని నూజివీడు కేంద్రంగా మేకా వంశీయులు పాలించిన ఎస్టేటు. ఈ వంశపు పురుషుల పేర్ల చివర కనిపించే "అప్పారావు" నిజానికి ఒక బిరుదు. నూజివీడు పట్టణం 2022 వరకు కృష్ణా జిల్లాలో ఉండేది. అందువలన పాత గ్రంథాలలో ఈ వంశచరిత్ర ఆ జిల్లా చరిత్రలో భాగంగానే కనిపిస్తుంది.

1783లో నారయ్య అప్పారావు ఈస్టిండియా కంపెనీపై తిరుగుబాటు చేయగా కంపెనీ సేనలు కోటను ముట్టడించి జమీందారీని స్వాధీనం చేసుకున్నాయి. 1802 నాటి శాశ్వత శిస్తు నిర్ణయంలో దానిని నిడదవోలు, నూజివీడు అను రెండు భాగాలుగా చేసి అన్నదమ్ములిద్దరికి ఇచ్చారు. జమీందారు ఏటా నిర్ణీత పేష్కషు కంపెనీకి చెల్లించి, రైతుల నుండి వసూలైన శిస్తులో మిగిలినది తాను ఉంచుకొనేవాడు.

'''విభజన వ్యాజ్యం'''

ప్రాచీన జమీందారీలు అవిభాజ్యాలు. అనగా ఆస్తి అంతా జ్యేష్ఠునికే చెందుతుంది, తమ్ములకు మనోవర్తి మాత్రమే దక్కుతుంది. నూజివీడు కూడా అటువంటిదేనా? వాటా కోరినవారికి, కోర్ట్ ఆఫ్ వార్డ్స్‌కు నడుమ సాగిన ఈ వ్యాజ్యం మద్రాసు హైకోర్టును దాటి లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు వెళ్ళింది. పాత జమీందారీ కంపెనీ చేతిలోకి పోయినప్పుడే అంతరించిందనీ, 1802లో ఇచ్చినది కొత్త ఎస్టేటు కనుక సాధారణ హిందూ ఆస్తివలె పంచుకోదగినదేననీ 1879-80లో తీర్పు వచ్చింది. తిరుగుబాటు జరిగి దాదాపు నూరేళ్ళు గడిచాక, దాని ఫలితం మునిమనుమల తరంలో వాటాలుగా తేలడం ఈ చరిత్రలోని విశేషం. ఎస్టేటు ముక్కలైంది. ఉయ్యూరు, మీర్జాపురం, తేలప్రోలు జమీందార్లు ఈ మేకా వంశపు శాఖలవారే. "నూజివీడు కేసు"గా పేరొందిన ఈ తీర్పును తరువాతి జమీందారీ వ్యాజ్యాలలో తరచు ఉదహరించారు.

'''రద్దు, తరువాత'''

1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు ముగిసి, భూములు రైత్వారీ పద్ధతిలోకి మారాయి. అప్పటికే మీర్జాపురం రాజా మద్రాసులో చిత్రనిర్మాతగా స్థిరపడ్డారు. ఆయన శోభనాచల సంస్థకు ఆ పేరు నూజివీడు సమీపంలోని ఆగిరిపల్లి కొండపై వెలసిన స్వామి నుండి వచ్చింది. 1949లో విడుదలైన "కీలుగుర్రం" చిత్రానికి ఆయనే దర్శకుడు. అదే సంవత్సరం ఆయన భార్య, నటి సి. కృష్ణవేణి నిర్మించిన "మనదేశం" ద్వారా ఎన్.టి. రామారావు చిత్రరంగ ప్రవేశం చేశారు. నూజివీడు శాఖకు చెందిన మేకా రంగయ్య అప్పారావు శాసనసభ్యునిగా, మంత్రిగా పనిచేసి, 1970లలో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి అయ్యారు.