పంజరంలోనూ ఆగని ప్రయాణం

వలస పక్షి ఉన్న చోటు విడిచి ఎందుకు పోతుందని అడిగితే చలికి తాళలేకనో, తిండి దొరక్కనో అని ఠక్కున చెప్పేస్తాం. అది సగం జవాబే. యూరప్‌లో వేసవి గడిపి ఆఫ్రికాకు పోయే గార్డెన్ వార్బ్లర్‌ను పంజరంలో ఉంచి, వేళకు మేత వేసి, వెచ్చగా చూసుకున్నా సరే, వలస కాలం వచ్చేసరికి దానికి నిద్ర పట్టదు. మిగతా రోజుల్లో చీకటి పడగానే కునికే పిట్ట, ఆ రాత్రుల్లో గంటల తరబడి రెక్కలు టపటపలాడిస్తూ గంతులు వేస్తుంది. పోవాలన్న ఈ తపన బయటి ఇబ్బందుల్లోంచి పుట్టింది కాదు, వంశపారంపర్యంగా ఒంట్లోకి వచ్చింది.

బంధిస్తే ఏ ప్రాణి మాత్రం కొట్టుకోదు అనవచ్చు. అదే కారణమైతే ఏడాది పొడవునా, పగలూ రాత్రీ కొట్టుకోవాలి. పైగా ఈ గంతులకు ఒక దిక్కుంది. 1966లో అమెరికాలో ఎమ్లెన్ తండ్రీకొడుకులు గరాటులాంటి పంజరం ఒకటి తయారుచేశారు. అడుగున సిరా ప్యాడు, ఏటవాలు గోడలకు బ్లాటింగ్ పేపరు, అంతే. పిట్ట ఎగిరినప్పుడల్లా సిరా కాళ్లు గోడకు తగిలి మరక పడుతుంది. తెల్లారి కాగితం విప్పి ఏ వైపు మరకలు చిక్కగా ఉన్నాయో చూసుకోవడమే. (ఇంత చవకగా ఇంత గట్టి సాక్ష్యం ఇచ్చిన పరికరాలు జీవశాస్త్రంలో తక్కువే.) ఇండిగో బంటింగ్ పిట్టలు వసంతంలో ఉత్తరానికి, శరత్తులో దక్షిణానికి ఎగరబోయాయి.

పగటి పొద్దు తగ్గడం చూసి కాలం పసిగడుతున్నాయేమో? జర్మనీలో ఎబర్‌హార్డ్ గ్విన్నర్ వార్బ్లర్లను ఏళ్ల తరబడి పన్నెండు గంటల వెలుతురు, పన్నెండు గంటల చీకటిలో, మార్పన్నది లేకుండా ఉంచాడు. అయినా ఆ రాత్రి గంతులు మళ్లీ మళ్లీ వచ్చాయి, కాకపోతే సుమారు పది నెలలకోసారి. బయటి సంకేతమేదో అందుతుంటే సరిగ్గా ఏడాదికి రావాలి కదా! ఆ రెండు నెలల తేడాయే లోపలి గడియారానికి రుజువు. పోవాలన్న ఆ తపన వారసత్వమని తేల్చింది పీటర్ బెర్తోల్డ్. దక్షిణ ఫ్రాన్స్‌లోని బ్లాక్‌క్యాప్ పిట్టల్లో కొన్ని వలస పోతాయి, కొన్ని పోవు. పోయేవాటిని పోయేవాటితో, పోనివాటిని పోనివాటితో జతకట్టించగా ఆరు తరాలు దాటకుండానే రెండు వేర్వేరు వంశాలు తయారయ్యాయి.

మరి మన కాలు నిలవనితనం కూడా జన్యువులదేనా? డీఆర్‌డీ4 అనే జన్యువులో ఒక రూపం, పూర్వం ఎక్కువ దూరం వలస వెళ్లిన జనాల్లో ఎక్కువగా కనిపిస్తుందని 1999లో ఒక అధ్యయనం చెప్పింది. దాంతో దానికి సంచార జన్యువని పేరు పడిపోయింది. కానీ ఆ రూపం ఉన్న మనిషి కొత్తదనం కోసం ఎక్కువ వెంపర్లాడతాడన్న వాదన, తర్వాతి అధ్యయనాలన్నీ కలిపి చూస్తే నిలబడలేదు. పైగా మనిషి చదువుకు పోతాడు, కూలికి పోతాడు, పెళ్లయి పోతాడు. వీటిలో తపన ఎంతో అవసరం ఎంతో తేల్చే గరాటు పంజరం ఎవరి దగ్గరా లేదు. పిట్టల విషయంలో రుజువైన మాటను మనిషికి అంటగట్టడం తొందరపాటే.