పాత కంప్యూటరు, కొత్త విండోస్

జగ్గయ్యపేటలోనో నందిగామలోనో ఒక ఇంట పదేండ్లనాటి కంప్యూటరు ఉన్నదనుకొందము. అందలి విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14న మద్దతు ముగించినది. ప్రత్యేకముగా నమోదు చేసికొన్నవారికి మాత్రము కొంత గడువు ఇచ్చినది. యంత్రము ఆగిపోదు. కాని, కొత్తగా బయటపడు లోపములకు మరమ్మతు లేదు గనుక, దానిపై బ్యాంకు పనులు చేయుట క్షేమము కాదు.

విండోస్ 11కు 4 గిగాబైట్ల ర్యామ్, 64 గిగాబైట్ల నిల్వ చాలును. అసలు అడ్డంకి వేరు. రహస్యసంకేతములను భద్రపరచు టీపీఎం 2.0 అను భాగము ఉండవలెను. ఇంటెల్ ప్రాసెసరైనచో సాధారణముగా ఎనిమిదవ తరమునకు తగ్గరాదు. ఒక్కొక్కప్పుడు టీపీఎం ఉండియు, బయాస్‌లో ఆపివేయబడి యుండును. కొత్త యంత్రము కొనుటకు ముందు అది చూచుకొనవలెను. అర్హత లేని యంత్రములో లినక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థను వేసికొనవచ్చును.

మన తెలుగిండ్లలో ఇంకొక చిక్కు కలదు. తాతగారి జ్ఞాపకములు, వంశవృక్షము వెనుకటి అను ఫాంట్లలో టైపుచేసి యున్నచో, కంప్యూటరు దాచుకొన్నది తెలుగు అక్షరములను గాదు, ఇంగ్లీషు అక్షరములకును గుర్తులకును చెందిన సంఖ్యలను. ఫాంటు వానికి తెలుగు వేషము వేయుచున్నది. కొత్త వ్యవస్థలో ఆ ఫాంటు లేనిచో వేషము జారి, పిచ్చిగుర్తులు మిగులును. యూనికోడులోనైతే 1991 నుండి తెలుగు అక్షరములకు స్వంత సంఖ్యలున్నవి. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు కూడ వచ్చినది.

కాబట్టి పాత వ్యవస్థ నడచుచుండగనే ఆ వ్రాతలను యూనికోడులోనికి మార్చి, వత్తులు తప్పిపోయినచోట్ల దిద్దుకొనవలెను. (ఇది ఓపిక పరీక్షించు పని.) మూలప్రతులను, పీడీఎఫ్ ప్రతులను విడి డిస్కులో దాచి, వేరొక కంప్యూటరులో తెరచి చూడవలెను. డిస్కును తుడిచి కొత్త వ్యవస్థను వేయుట ఆ తరువాతనే.