దార్శనిక పత్రం గోడకే పరిమితమైతే కక్షిదారుకు ఒరిగేదేమిటి?

న్యాయస్థానం భవిష్యత్తులో ఎలా ఉండాలో చెప్పేది దార్శనికత. అక్కడికి చేరేందుకు నేడు ఎవరికి, ఏ సేవను, ఏ విధంగా అందించాలో చెప్పేది కర్తవ్య ప్రకటన. మొదటిది రాసి రెండోది మరచిన ప్రణాళికలు దస్త్రాల్లోనే మిగిలిపోతాయి.

సుప్రీంకోర్టు ఈ-కమిటీ రూపొందించిన ఈ-కోర్టుల మూడో దశ పత్రాన్నే తీసుకుంటే, 2021లో దాని ముసాయిదాపై ప్రజాభిప్రాయాన్ని కోరారు. న్యాయం కోరే ప్రతి ఒక్కరికీ సులభంగా అందుబాటులో ఉండే సమర్థమైన, సమన్యాయంతో కూడిన వ్యవస్థ దాని దార్శనికత. విశ్వాసం, సహానుభూతి, సుస్థిరత, పారదర్శకత దాని మూల విలువలు. 2023 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం నాలుగేళ్ల కాలానికి రూ.7,210 కోట్లతో ఈ దశను ఆమోదించింది.

అయితే 'అందుబాటు' అనే మాటకు ఢిల్లీలో ఒక అర్థం, రెండు బస్సులు మారి జూనియర్ సివిల్ జడ్జి కోర్టుకు వచ్చే రైతుకు మరో అర్థం. భూతగాదా కేసు వాయిదా పడిన సంగతి కోర్టు వరండాలో తెలిస్తే ఆనాటి పని, చార్జీలు రెండూ పోయినట్లే. 16 అక్షరాంకెల సీఎన్‌ఆర్ నంబరు ఉంటే తదుపరి తేదీని ఈ-కోర్టుల వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. ఆ నంబరును ప్రతి కక్షిదారుకు రాసి ఇవ్వడాన్ని స్థానిక కోర్టు తన కర్తవ్యంగా ప్రకటించుకుంటే దార్శనికతకు ఊతం దొరుకుతుంది. ఆ ఉదయమే పడే వాయిదాలకు మాత్రం ఇది అక్కరకు రాదు.

ఇటువంటి ప్రకటనను న్యాయాధికారి ఒక్కరే రాస్తే చాలదు. బెంచి గుమాస్తా, సమన్లు అందజేసే సిబ్బంది, న్యాయవాదుల సంఘం, కక్షిదారులు కూర్చుని చర్చించాలి. సమన్లు ఎన్ని రోజుల్లో అందాలి, తీర్పు నకలు ఎప్పటికి చేతికి రావాలి అన్నవి అంకెల్లో ఉండాలి.