దాత అండంతో గర్భమా? ఆ రిపోర్టు అడిగి తీసుకోండి

శారా, హన్నా, ఎలీసబెతుల కన్నీళ్లు బైబిలు చదివే ప్రతి ఇంటికీ తెలిసినవే. బిడ్డల కోసం కనిపెట్టే దంపతులు మన సంఘాలలోనూ ఉన్నారు. ఉప్పల్ నుండి నాగోల్ మీదుగా ఎల్.బి.నగర్ వరకు ఇప్పుడు సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులు కనబడుతున్నాయి. భార్య అండాలు పనికిరావని తేలితే, దాత అండంతో ఐ.వి.ఎఫ్. చేయించుకొమ్మని డాక్టర్లు చెబుతారు. ఆ కుటుంబాలకు మేము చెప్పదలచినది ఒక్కటే: దాత పరీక్షల రిపోర్టు అడిగి తీసుకోండి, గర్భం వచ్చాక దానిని కాన్పు ఆస్పత్రిలో చూపించండి.

ఏ పరీక్షలు?

2021 చట్టం ప్రకారం అండదాతకు 23 నుండి 35 ఏళ్ల వయస్సు ఉండాలి. జీవితంలో ఒక్కసారే, 7కు మించకుండా అండాలు తీయాలి. దాతకు హెచ్.ఐ.వి., హెపటైటిస్-బి, సి, సిఫిలిస్ పరీక్షలు చేస్తారు. ఇవి అంటువ్యాధుల పరీక్షలు. ఇవి బాగున్నంత మాత్రాన వంశపారంపర్య జబ్బు లేదని కాదు.

ఉదాహరణకు తలసీమియా. మన దేశంలో 100 మందిలో సుమారు 3–4 మంది దీని క్యారియర్లు. వారు ఆరోగ్యంగానే కనబడతారు. దాత, భర్త ఇద్దరూ క్యారియర్లయితే, ప్రతి గర్భంలోనూ బిడ్డకు తలసీమియా మేజర్ వచ్చే అవకాశం 4లో 1 వంతు. ఆ బిడ్డకు 2–4 వారాలకోసారి రక్తం ఎక్కించాలి. "మాది మేనరికం కాదు, దాత పరాయి మనిషే కదా" అని ఊరుకోవద్దు. హెచ్.బి.ఎ.2 రక్తపరీక్షతో ఇది తెలుస్తుంది. ముందుగా భర్తకు చేయించండి. ఆయన క్యారియర్ అయితే, క్యారియర్ కాని దాత కావాలని అడగండి. అయితే ఏ పరీక్షా అన్ని జబ్బులనూ పట్టలేదని గుర్తుంచుకోండి.

మా దగ్గర దాచవద్దు

గర్భిణి పేరు రాయించుకున్నప్పుడు మేము ఆమె రక్తమే పరీక్షిస్తాము. అండం వేరొకరిదైతే, ఆ రిపోర్టును బట్టి బిడ్డకు తలసీమియా రాదని చెప్పలేము. డౌన్ సిండ్రోమ్ పరీక్షలో కూడా లెక్కలోకి తీసుకోవలసినది దాత వయస్సు. 42 ఏళ్ల తల్లి వయస్సు వేస్తే, లేని ప్రమాదం ఉన్నట్టు కనబడి ఇంటిల్లిపాదీ బెంగపడతారు. అత్తగారి ఎదుట చెప్పలేకపోతే, సిస్టర్‌ను పక్కకు పిలిచి చెప్పండి. ఆ మాట బయటకు పోనివ్వము.

దాత కూడా మన సోదరే

దాత క్యారియర్ అని తేలితే, ఆమెను ఊరికే పంపివేయడం న్యాయం కాదు. ఆ సంగతి ఆమెకు అర్థమయ్యేలా చెప్పాలి. రేపు ఆమె పిల్లలకు, తోబుట్టువులకు కూడా ఈ పరీక్ష అవసరమవుతుంది.

సందేహాలుంటే పంజగుట్టలోని నిమ్స్ ఆస్పత్రిలో జెనెటిక్స్ విభాగం ఉంది. జన్యు పరీక్షలపై పనిచేసే సి.డి.ఎఫ్.డి. సంస్థ మన ఉప్పల్‌లోనే ఉంది.

ప్రార్థన మానవద్దు. రిపోర్టు అడగడానికి మొహమాటపడవద్దు.