మీకు తెలుసా? హోర్డింగుల మీదికి ఎక్కని ఫిజిక్స్

గడ్డిఅన్నారంలో ఫిజిక్స్ అంటే జేఈఈ మెయిన్ 300 మార్కుల్లో ఒక వంద. చైతన్యపురి నుంచి మూసారాంబాగ్ దాకా మెట్రో పిల్లర్ల వెంట కనిపించే బోర్డులు చెప్పేదీ అంతే: ర్యాంకు, ఫొటో, ఫోన్ నంబరు. ఆ బోర్డుల మీదికి ఎక్కని ఫిజిక్సు ఒకటి ఈ చుట్టుపక్కలే నూట ఇరవై ఏళ్ల కిందట మొదలైంది. దానికి దేశవ్యాప్తంగా సంఘాలున్నాయి, పోటీలున్నాయి, వేసవి ఫెలోషిప్పులున్నాయి. వాటిలో చాలావాటికి మన పిల్లలు అర్హులే. కబురే వేళకు అందదు, అందేసరికి గడువు దాటిపోతుంది.

ఫిసల్‌బండలో టెలిస్కోపు

సంతోష్‌నగర్ దాటాక వచ్చే ఫిసల్‌బండలో ఒకప్పుడు వేధశాల ఉండేదని మీకు తెలుసా? నిజాం కొలువులో పెద్ద హోదాలో ఉన్న నవాబు జఫర్ జంగ్‌కు ఆకాశం మీద మక్కువ. గ్రబ్ కంపెనీ తయారుచేసిన 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించి, 1901లో తన ఎస్టేటులోనే వేధశాల పెట్టుకున్నాడు. ఆయన 1907లో కన్నుమూశాక ప్రభుత్వం దాన్ని చేతుల్లోకి తీసుకుని బేగంపేటకు తరలించింది. అదే నిజామియా అబ్జర్వేటరీ. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి దఖలుపడింది.

నవాబుగారి సరదా కథ అయితే అక్కడితో ముగిసిపోయేది. కానీ 1887లో పారిస్‌లో ఒక పెద్ద పని తలపెట్టారు. ఆకాశం మొత్తాన్ని ముక్కలుగా పంచుకుని, ఫొటోలు తీసి, ఒక్కో నక్షత్రం స్థానాన్ని కొలిచి జాబితా రాయాలి. చిలీలోని శాంటియాగో వేధశాల తన వాటా పూర్తి చేయలేక వదిలేస్తే, ఆ పట్టీ హైదరాబాద్‌కు వచ్చింది. చాట్‌వుడ్, పోకాక్ అనే ఇంగ్లిష్ అధికారులు మొదలుపెట్టారు, టి.పి. భాస్కరన్ ముందుకు నడిపించారు. గాజు ప్లేట్ల మీది చుక్కల్ని ఒక్కొక్కటిగా కొలుచుకుంటూ పోయి ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాలను లెక్కకు తెచ్చారు. ఐరోపాలో పేరున్న వేధశాలలే ఏళ్ల తరబడి ఈ పని ఈడ్చిన సంగతి గుర్తుంచుకుంటే, బేగంపేటలో జరిగినదాన్ని మనం ఎంత తక్కువగా చెప్పుకుంటున్నామో అర్థమవుతుంది.

ఆ వేధశాలలో పనిచేసిన ఒక ఉద్యోగి కొడుకు నిజాం కాలేజీలో చదివి, హార్వర్డ్‌కు వెళ్లి, 1949లో ఒక తోకచుక్కను కనిపెట్టాడు. ఆ కుర్రాడు వేణు బాప్పు. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. తమిళనాడులోని కావలూరు టెలిస్కోపుకు ఉన్నది ఆయన పేరే.

చిరునామా: ఉస్మానియా

దేశంలోని ఖగోళ శాస్త్రజ్ఞులందరి సంఘం, ఆస్ట్రనామికల్ సొసైటీ ఆఫ్ ఇండియా, 1972లో పుట్టింది. దాని రిజిస్టర్డ్ చిరునామా ఢిల్లీ కాదు, బెంగళూరూ కాదు. మన ఉస్మానియా ఖగోళ విభాగం.

సాగర్ రోడ్డు మీద

ఎల్బీనగర్ చౌరస్తాలో సాగర్ రోడ్డు పట్టి, బీఎన్ రెడ్డి నగర్, తుర్కయంజాల్ దాటి ఇబ్రహీంపట్నం మీదుగా వెళ్తే జాపాల్–రంగాపూర్. ఉస్మానియా వాళ్లు అక్కడ 48 అంగుళాల టెలిస్కోపును 1968లో ప్రారంభించారు. ఆనాటికి దేశంలోని పెద్ద టెలిస్కోపుల్లో అది ఒకటి. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం నీడ సరిగ్గా ఆ పొలాల మీదుగా సాగింది. ఊళ్లలో జనం తలుపులు బిగించుకుని కూర్చుంటే, శాస్త్రజ్ఞులు మాత్రం పరికరాలు సర్దుకుని రంగాపూర్‌కు చేరారు.

గ్రహణాల విషయంలో తెలుగు నేలకు పాత పరిచయమే ఉంది. 1868 ఆగస్టు 18 నాటి గ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరు నుంచి, మద్రాసు వేధశాల అధికారి పోగ్సన్ మచిలీపట్నం నుంచి చూశారు. సూర్యుడి అంచున ఎగసే మంటల వెలుగులో ఒక పసుపు గీత కనిపించింది. హీలియం కథ అక్కడే మొదలు. హీలియంను గుంటూరులోనే కనుగొన్నారని మనవాళ్లు గట్టిగా చెప్పుకుంటారు. అది కొంచెం ఎక్కువే. ఆ గీత సోడియంది కాదని తేల్చి, కొత్త మూలకం అయుంటుందన్నది ఇంగ్లండ్‌లో ఉన్న లాక్యర్. అయినా గుంటూరు వాటా చిన్నదేం కాదు. గ్రహణం లేని రోజున కూడా ఆ మంటల్ని చూసే పద్ధతి జాన్సెన్‌కు తట్టింది అక్కడే.

ఇప్పుడు సాగర్ రోడ్డు పొడవునా వెంచర్లు, వాటి ఫ్లడ్‌లైట్లు. నగరం ఇటు పెరిగేకొద్దీ చుక్కలు చూడాలనుకునేవాళ్లు ఇంకా దూరం పోవాల్సిందే.

పంతుళ్లు పెట్టే పరీక్ష

అంతర్జాతీయ ఫిజిక్స్ ఒలింపియాడ్‌కు వెళ్లే దారిలో మొదటి మెట్టు ఎవరు నడుపుతారో మీకు తెలుసా? ప్రభుత్వ శాఖ కాదు, కోచింగ్ సంస్థ అసలే కాదు. ఫిజిక్స్ పాఠాలు చెప్పే అధ్యాపకుల సంఘం, ఐఏపీటీ. డి.పి. ఖండేల్వాల్ అనే అధ్యాపకుడి చొరవతో 1984లో ఏర్పడింది. వాళ్లు పెట్టే పరీక్షను ఎన్‌ఎస్‌ఈపీ అంటారు. సాధారణంగా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పేరు నమోదు చేసుకోవాలి, నవంబరు చివర్లో పరీక్ష. ఇంటర్ రెండో ఏడాది వాళ్లే కాదు, మొదటి ఏడాది వాళ్లూ, వయసు నిబంధన సరిపోతే పదో తరగతి పిల్లలూ రాయొచ్చు.

ఈ మధ్య ఏళ్ల పద్ధతి ఇది. రెండు గంటల్లో 60 ప్రశ్నలు, మొత్తం 216 మార్కులు. 48 ప్రశ్నలకు ఒక్కటే సరైన జవాబు, మూడేసి మార్కులు, తప్పితే ఒక మార్కు కోత. మిగతా పన్నెండింటికి ఒకటికి మించి సరైన జవాబులు ఉండొచ్చు. అన్నీ గుర్తిస్తేనే ఆరు మార్కులు, సగం తెలిస్తే సున్నా. బిట్ల పేపర్లకు అలవాటుపడిన చెయ్యి తడబడేది ఈ పన్నెండు దగ్గరే. ఆప్షన్లు వెనక్కి వేసి చూసి జవాబు లాగే చిట్కా ఇక్కడ పనిచేయదు.

ఇందులో నెగ్గినవాళ్లకు జనవరి, ఫిబ్రవరి ప్రాంతంలో ఐఎన్‌పీహెచ్‌ఓ అనే జాతీయ ఒలింపియాడ్. అది మెట్లు చూపిస్తూ జవాబు రాయాల్సిన పరీక్ష. అక్కడి నుంచి కొద్దిమందిని ముంబై మాన్‌ఖుర్ద్‌లోని హోమీభాభా కేంద్రంలో వేసవి శిబిరానికి పిలుస్తారు. చివరికి దేశం తరఫున వెళ్లేది ఐదుగురు. మనం 1998 నుంచి పాల్గొంటున్నాం. 2015లో ఆ పోటీలు ముంబైలోనే జరిగాయి.

అసలు గుట్టు మార్కుల పంపకంలో ఉంది. అంతర్జాతీయ పోటీలో థియరీకి 30 మార్కులు, ప్రయోగానికి 20. ఒక్కోదానికి ఐదేసి గంటలు. నూటికి నలభై వంతు చేతిపని! మన ఇంటర్‌లో ప్రాక్టికల్స్‌కు ఉన్నవి 30 మార్కులు. ఆ ముప్పై ఎలాగూ పడతాయన్న ధీమాతో చాలా కాలేజీల్లో స్క్రూగేజి బయటికి తీసేది పరీక్షకు వారం ముందు. జీరో ఎర్రర్ అంటే రికార్డులో కాపీ చేసే ఒక వాక్యం. ఆ పిల్లాడి చేతికి వైర్లు, లెన్సు ఇచ్చి "దీంతో ఏం కొలవొచ్చో నువ్వే తేల్చు" అంటే ఏం చేస్తాడు? ఐఐటీ ర్యాంకర్లు కుప్పలుగా ఉన్న ఊరి నుంచి ఒలింపియాడ్ వైపు చూసేవాళ్లు తక్కువ కావడానికి తెలివి చాలకపోవడం కారణం కాదనే నా నమ్మకం. ల్యాబు తాళం కారణం.

ఈ లోటు కనిపెట్టిన మనిషి హెచ్.సి. వర్మ. దిల్‌సుఖ్‌నగర్ పుస్తకాల షాపుల్లో, కోఠి ఫుట్‌పాత్ మీద ఆయన రెండు సంపుటాలు దొరకని రోజు ఉండదు. 1992 నాటి పుస్తకం అది. ఐఐటీ కాన్పూర్‌లో పాఠం చెప్పిన ఆయన, ఐఏపీటీతో కలిసి 'అన్వేషిక' పేరుతో ప్రయోగ కేంద్రాలను దేశమంతా పెట్టించారు. ప్రయోగ నైపుణ్యానికే ప్రత్యేకంగా ఒక జాతీయ పోటీ కూడా నడుపుతున్నారు. పుస్తకం కొన్నవాళ్లలో ఎంతమందికి ఆ రెండో సగం తెలుసు?

ఒక చిన్న హెచ్చరిక. సైన్స్ ఫెలోషిప్ పరీక్ష కేవీపీవైకి మెటీరియల్ అని ఎవరైనా అమ్మితే కొనకండి. 1999లో మొదలైన ఆ పథకాన్ని 2022లో ఇన్‌స్పైర్ అనే మరో పథకంలో కలిపేశారు.

డిగ్రీ ఎంపీసీ వాళ్లకు

ఇంజినీరింగ్ సీటు రాలేదని బీఎస్సీలో చేరినవాణ్ణి చుట్టాలు జాలిగా చూస్తారు. తలుపులు ఎక్కువ తెరిచి ఉన్నది వాడికే. మూడు జాతీయ సైన్స్ అకాడమీలు కలిసి ఏటా వేసవి పరిశోధన ఫెలోషిప్పులు ఇస్తాయి. దరఖాస్తు గడువు మామూలుగా నవంబరులో ముగుస్తుంది. ఏం చేయాలనుకుంటున్నారో నాలుగు మాటల్లో రాసి, మీ గురించి తెలిసిన అధ్యాపకుడి సిఫారసు జత చేస్తే చాలు. ఎంపికైతే రెండు నెలలు ఏదో ఒక పెద్ద ప్రయోగశాలలో పని, నెలనెలా భత్యం. సిఫారసు అడగడానికి మొహమాటపడి ఆగిపోయేవాళ్లే ఎక్కువ. సార్‌ని అడగండి, ఏమీ అనుకోరు. ఇంకో మాట, ఈ ఫెలోషిప్పుకు అధ్యాపకులూ అర్హులే. సార్ కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు.

పీహెచ్‌డీ వైపు పోయేవాళ్లకు జెస్ట్ అని ఒకే పరీక్ష ఉంది. దాని మార్కులతో దేశంలోని ముప్ఫైకి పైగా సంస్థలకు దరఖాస్తు చేసుకోవచ్చు. టీఐఎఫ్ఆర్ అనే పరిశోధన సంస్థ డిసెంబరులో తన పరీక్ష తాను పెట్టుకుంటుంది. దాని హైదరాబాద్ ప్రాంగణం గోపన్‌పల్లిలోనే ఉంది. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి మియాపూర్‌లో దిగి బస్సు పట్టుకోవాలి. "ఇదంతా చదివితే ఏమొస్తుంది?" అని ఇంట్లో అడుగుతారు కాబట్టి చెప్తున్నా: 2023 జనవరి నుంచి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ నెలకు రూ. 37,000, ఇంటి అద్దె భత్యం వేరే. కొత్తగా చేరే చాలామంది ఇంజినీర్ల జీతం కంటే తీసిపోదు.

హైదరాబాద్ పేరుతో ఒక పత్రం

భౌతికశాస్త్ర రంగంలో ఆడవాళ్లకు సమాన అవకాశాల కోసం దేశంలోని ఫిజిక్స్ వాళ్లు రాసుకున్న ఒప్పుదల పత్రానికి మన ఊరి పేరే ఉంది: హైదరాబాద్ చార్టర్. ఇండియన్ ఫిజిక్స్ అసోసియేషన్‌లోని ఒక బృందం 2019 సెప్టెంబరులో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో జరిపిన సమావేశం నుంచి వచ్చింది. ఎంపీసీ సెక్షన్లో సగం బెంచీలు అమ్మాయిలవే. ప్రొఫెసర్ల గదుల దాకా వచ్చేసరికి ఆ సగం ఎక్కడ జారిపోతోంది అన్నదే వాళ్లు పట్టుకున్న ప్రశ్న.

ఫోటాను గిరగిర

సూరి భగవంతం పేరు విన్నారా? కృష్ణా జిల్లా మనిషి, నిజాం కాలేజీలో చదివి 1928లో కలకత్తా వెళ్లి సి.వి. రామన్ దగ్గర చేరారు. వెలుగు కణమైన ఫోటానుకు 'స్పిన్' ఉందని ప్రయోగంతో చూపుతూ 1931లో గురుశిష్యులిద్దరూ కలిసి పత్రం రాశారు. తర్వాత ఉస్మానియాకు వైస్ ఛాన్సలర్, 1961 నుంచి రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. కంచన్‌బాగ్‌లోని రక్షణ పరిశోధనశాలలు డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్ హైదరాబాద్‌కు వచ్చింది ఆ కాలంలోనే. ఫిసల్‌బండకు కూతవేటు దూరం.

మే 9, మిట్టమధ్యాహ్నం

ఏ ఫీజూ లేని ప్రయోగం ఇది. హైదరాబాద్‌లో ఏడాదికి రెండు రోజులు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువుగా పెట్టిన వస్తువుకు నీడ పక్కకు పడదు. మే 9 ఒకటి, ఆగస్టు 3 ఇంకొకటి. మేలో అది 12 గంటలకు కాదు, 12:12కు జరుగుతుంది. ఎందుకంటే మన గడియారం 82½ డిగ్రీల రేఖాంశానిది, అంటే ఇంచుమించు కాకినాడది. హైదరాబాద్ దానికి నాలుగు డిగ్రీలు పడమర. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున పదహారు నిమిషాలు ఆలస్యం. మేలో సూర్యుడు గడియారం కంటే మూడు నిమిషాలకు పైగా ముందుంటాడు, అది తీసేస్తే పన్నెండు. ఆగస్టులో లెక్క తిరగబడి 12:23 అవుతుంది. డాబా మీద పీవీసీ పైపు ముక్కను, బద్దతో సరిచూసి నిటారుగా నిలబెట్టి, అరగంట ముందు నుంచి నీడ కొసను సుద్దముక్కతో గుర్తులు పెడుతూ రండి. తిరుపతిలో చుట్టాలుంటే వాళ్లకు ఏప్రిల్ చివరి వారంలో, ఆదిలాబాద్ వాళ్లకు మే మూడో వారంలో ఆ రోజు వస్తుంది. మన మే 9 మధ్యాహ్నమే వాళ్లనూ నీడ కొలవమనండి. ఆ కోణాలు, ఊళ్ల మధ్య దూరం చేతిలో ఉంటే భూమి చుట్టుకొలత లెక్క ఇంటర్ పిల్లలే తేల్చేస్తారు. ఆగస్టు దాకా ఆగకండి, అప్పటికి మబ్బు.